బస్సు లేని దారి

మొన్నామధ్య ఒక పొద్దున్నే నలుగురు పిల్లలు మా గేటు ముందు సైకిళ్ళు ఆపారు. పిల్లలంటే ముప్ఫైకి దగ్గర పడుతున్న వాళ్ళే, నా వయసుకి అందరూ పిల్లలే. తలలకి గుమ్మడి డిప్పల్లాంటి టోపీలు, చేతులకి తొడుగులు, లావుపాటి టైర్ల సైకిళ్ళు. హైదరాబాదు నుంచి వచ్చి దిండి రిసార్టులో దిగారట. నేను మందార మొక్కకి నీళ్ళు పోస్తున్నాను. వాళ్ళలో ఒకమ్మాయి ఫోను చేత్తో పట్టుకుని అడిగింది.

"అమ్మా, ఇలా వెళ్తే కాలవగట్టు వస్తుందాండీ? తారురోడ్డు వద్దు మాకు. బస్సులూ లారీలూ లేని దారి కావాలి."

నాకు నవ్వాగలేదు. తారురోడ్డు కోసం ఈ ఊరివాళ్ళు ఎంతమంది గుమ్మాలెక్కి దిగారో ఆ పిల్లకేం తెలుసు. పాపం నొచ్చుకుంటుందేమోనని, "మీ గురించి కాదమ్మా. ఈ ఊళ్ళో బస్సు లేని దారి కోసం మొట్టమొదట వెతికింది నేనే, అది గుర్తొచ్చింది" అన్నాను. నమ్మినట్టు లేదు. మజ్జిగిస్తే తాగారు, దారి చెప్తే శ్రద్ధగా విన్నారు, వెళ్ళారు. నేను మాత్రం ఖాళీ చెంబు పట్టుకుని చాలాసేపు అక్కడే నించున్నాను.

మా ఊరు సముద్రానికి దగ్గర. సముద్రపు గాలి తిరిగితే పెరట్లో ఆరేసిన బట్టలకి కూడా ఉప్పు వాసన పట్టేది. నేలంతా ఒండ్రు. తవ్వితే మట్టి, ఇంకాస్త తవ్వితే ఇసక, ఆ తరవాత నీళ్ళు. రాయి మాత్రం ఎక్కడా తగలదు. ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నాకు రాయంటే నాయనమ్మ పప్పు రుబ్బే రోలూ, ఆ పక్కనున్న సన్నికల్లూ, అంతే. కుక్కని అదిలించాలన్నా మట్టిగడ్డే విసిరేవాళ్ళం.

అలాంటి చోటికి పడవ నిండా ఎర్ర కంకర వచ్చి గట్టు మీద గుట్టలుగా పడితే ఎలా ఉంటుంది? గట్టు తనిఖీకి వచ్చే ఓవర్సీరుగారి జీపు బురదలో దిగబడకుండా ఏడాదికోసారి ఆ కంకర పరిచేవారు. వాన చినుకు పడగానే దాన్నుంచి ఒక వాసన వచ్చేది, మా మట్టి వాసన కాదది, ఏదో తెలియని ఊరి వాసన. నేనూ మా వదినా అచ్చంగిల్లలాటకని నున్నటి రాళ్ళు ఏరి పరికిణీ చెంగుల్లో మూటగట్టేవాళ్ళం. కాలవ లస్కరు, అంటే గట్టుకీ నీళ్ళకీ కాపలా ఉండే సర్కారు మనిషి, కర్ర టకటకలాడించుకుంటూ వచ్చేవాడు.

"పాపగార్లూ, అది సర్కారు కంకరండి. గట్టు మీదుండాలండి, మీ పరికిణీల్లో కాదండి."

"ఇది ఎక్కడ పండుతుందండీ?" అని అడిగింది ఒకసారి వదిన.

"రాజమండ్రి అవతల కొండలున్నాయంటండి. ఆయ్. నేనూ చూళ్ళేదండి" అన్నాడు. అని, కర్ర చంకలో పెట్టుకుని, తను కూడా ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

వదినంటే మా మేనత్త కూతురు. నాకన్నా మూడేళ్ళు పెద్దది. మేనత్త పోయాక మా ఇంట్లోనే పెరిగింది. ఏది చూసినా ఎందుకు, ఎలా అని అడిగే మనిషి. పనసపొట్టు కొట్టేటప్పుడు చేతికి నూనె రాస్తే జిగురెందుకు అంటుకోదని అడిగి నాయనమ్మని విసిగించేది. మా ఊరి బడి ఏడో తరగతి దాకానే. హైస్కూలుకి అయిదు మైళ్ళ దూరంలో ఉన్న పట్నం వెళ్ళాలి. వదిన ఏడు ప్యాసయినప్పుడు తాతయ్య, "బస్సు రోడ్డమ్మా, ఆడపిల్లవి, వద్దు" అన్నారు. అంతటితో అయిపోయింది. వదిన పుస్తకాలు అటక మీద పెట్టి, మర్నాటి నుంచి వంటింట్లో నాయనమ్మ పక్కన కూచుంది.

మూడేళ్ళు తిరిగేసరికి నా వంతు వచ్చింది. ఒక సాయంత్రం తాతయ్య వీధరుగు మీద ఇద్దరు రైతులతో కూచుని నాన్నతో చెప్తున్నారు.

"బస్సు ఎక్కించి పంపడం నా వల్ల కాదురా. సైకిలు మీదంటావా, మొన్న సంత రోజున ఎడ్లబండినే గుద్దేసి పోయేడు లారీవాడు. ఆడపిల్లని ఆ రోడ్డు మీద వదల్లేను."

నాన్న తలూపారు. ఆయన తాతయ్య దగ్గర అన్నిటికీ తలే ఊపేవారు. తలుపు చాటున ఉన్న నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో, బయటికి వచ్చి అడిగేశాను.

"బస్సు లేని దారుంటే పంపుతారాండీ తాతయ్యా?"

రైతులిద్దరూ నవ్వారు. తాతయ్యకీ నవ్వొచ్చింది. "ఆయ్, ఉంటే పంపుతాను. వెతుక్కో పో" అన్నారు.

హాస్యానికే అన్నారు. కానీ నలుగురి ముందు అరుగు మీద అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు మా తాతయ్యకి లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికంటే వదినకి బాగా తెలుసు. మర్నాడు పొద్దున్న నా కంచంలో తరవాణి అన్నం పెట్టి, ఆవకాయ బద్ద వేస్తూ, నాయనమ్మకి వినపడకుండా చెప్పింది.

"కాలవగట్టు మీద కంకరుంది కదే. జీపు నెలకోసారేగా వస్తుంది. ఆ గట్టు ఎక్కడిదాకా వెళ్తుందో చూద్దాం."

అవి వేసవి సెలవులు. నాన్న మధ్యాహ్నం భోంచేసి పడుకుంటే సాయంత్రం కాఫీకి గానీ లేవరు. ఆ రెండు మూడు గంటలూ ఆయన సైకిలు మాది. సీటు అందక, బారు కింద నుంచి కాలు దూర్చి వంకరగా తొక్కేదాన్ని. వదిన క్యారేజీ మీద కూచునేది. ఒళ్ళో అటుకులూ బెల్లమూ కట్టిన గుడ్డ, చేతిలో నా పాత నోటుబుక్కు. ఎత్తు వచ్చినప్పుడల్లా తను దిగి వెనక నుంచి తోసేది.

ఇప్పటి పిల్లలు ఆ చప్పుడు కోసమే ఇంత దూరం వస్తున్నారేమో నాకు తెలీదు. టైరు కింద కంకర కరకరమంటుంటే, అదొక్కటే చప్పుడు. ఊరు దాటగానే కొబ్బరితోటలు. బోదెల్లో, అంటే తోటల్లోని చిన్న కాలవల్లో, నానేసిన కొబ్బరి పీచు కంపు ముక్కు పగలగొట్టేది, రెండు రోజులకి అదే బాగున్నట్టనిపించింది. ఆ తరవాత ఒక మైలు దూరం సరుగుడు తోట. పైన గాలి హోరు, కింద రాలిన ఆకు మీద నీడ, మనిషి జాడ లేదు. తోట చివర మొగలి పొదలు. పువ్వు వాసనకి పాములొస్తాయని నాయనమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి, అక్కడికి రాగానే ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. మేం వాసన పీల్చకపోతే పాములు రావని మా లెక్క.

వదిన ఎక్కడికక్కడ సైకిలు ఆపించేది. గట్టుకి ఈ వైపే చెదపుట్టలెందుకున్నాయి, సరుగుడు చెట్టు మీద కాకి గూడెందుకు కట్టదు, ఇలాంటివన్నీ అడిగేది. జవాబు నాకూ తెలీదు. అన్నీ నోటుబుక్కులో రాసుకునేది. ఎడమ పేజీలో దారి గీత, కుడి పేజీలో ప్రశ్నలు. నాకు ఆవిడ మీద కోపం కూడా వచ్చేది, నాన్న లేచేలోపల ఇంటికి చేరాలి కదా.

మూడో రోజున మా వైపు గట్టు మీద దారి తెగిపోయింది. కంకర ఆగిపోయి, ముళ్ళకంపలూ, ఒరిగిపోయిన తాడిచెట్లూ. వాటిల్లో నడవడానికే దారి లేదు. నేను ఏడుపు మొహం పెట్టాను. వదిన అవతలి గట్టు వైపు వేలు చూపించింది. ఎర్రగా కంకర కనిపిస్తోంది అక్కడ. మధ్యలో ఎండిన కాలవ.

మా సీమలో వేసవి రాగానే కాలవలు కట్టేస్తారు. అడుసు తియ్యాలి, గండ్లు పూడ్చాలి. ఆ రెండు నెలలూ కాలవ కాలవ కాదు, ఒక వీధి. గేదెలు అందులోనే నడుస్తాయి, బళ్ళు అందులోనే దిగి ఎక్కుతాయి, కుర్రాళ్ళు అందులోనే కబాడీ ఆడతారు. మేమూ సైకిలు చెరోవైపు పట్టుకుని దిగి, బీటలు వారిన మట్టి మీద నడిపించి, అవతలి గట్టెక్కించాం. సరిగ్గా అప్పుడే లస్కరు తాడిచెట్టు నీడలోంచి లేచాడు.

"మళ్ళీ కంకర్రాళ్ళకే వచ్చేరాండీ?"

విషయం చెప్పాం. ఆయన గడ్డం గోక్కుని, "ఈ గట్టయితే పట్నం లాకుల దాకా కంకరేనండి. లాకుల పక్కనే హైస్కూలండి. బస్సు మాట దేవుడెరుగు, బండి కూడా రాదండి" అన్నాడు. ముంజెలు కొట్టి ఇచ్చాడు. నీళ్ళు వదలడం, కట్టడం చూడటమే ఉద్యోగంగా ఉన్న మనిషి, ఆయనకీ అసలు సంగతి తట్టలేదు.

దారి దొరికిందని చెప్తే, మరో వారానికి తాతయ్య మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని తనిఖీకి బయల్దేరారు. గొడుగేసుకుని, చెప్పులు కిర్రుకిర్రుమనిపిస్తూ గట్టంతా నడిచారు. తెగిన చోట నా భుజం పట్టుకుని కాలవలోకి దిగారు, పంచె ఎగ్గట్టి అవతల ఎక్కారు. అక్కణ్ణుంచి చూస్తే కనుచూపు మేరా చక్కటి ఎర్ర దారి. "బస్సు లేదు. సరే" అన్నారు. రెండే మాటలు. నేను వదిన చెయ్యి గట్టిగా నొక్కాను. మర్నాడే తాతయ్య స్వయంగా పట్నం వెళ్ళి నన్ను ఎనిమిదిలో చేర్పించి వచ్చారు.

బడి తెరవడానికి నాలుగు రోజులుందనగా కాలవ వదిలారు.

కొత్త నీళ్ళు వస్తున్నాయంటే మా దగ్గర పండగే. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా పళ్ళాల్లో పెట్టుకుని గట్టెక్కుతారు. పిల్లలు నీళ్ళ ముందు పరిగెడతారు. నీళ్ళు ఒక్కసారిగా రావు. ఎండాకులూ, పుల్లలూ, బెదిరిన కప్పలూ అన్నిటినీ తోసుకుంటూ, నురగ కక్కుతూ, మనిషి నడిచినంత వేగంతో వస్తాయి. ఆ ఏడు నాకు బడికని కొన్న సైకిలుంది. నీళ్ళతో పందెం వేసుకుని గట్టు మీద తొక్కాను. గంట కొట్టుకుంటూ, కేకలేసుకుంటూ, ముందుకెళ్ళి ఆగి, నీళ్ళు నన్ను కలుసుకోగానే మళ్ళీ తొక్కుతూ. కొబ్బరితోటలు దాటాయి, సరుగుడు తోట దాటింది. మొగలి పొదల దగ్గర ఊపిరి బిగబట్టడం కూడా మర్చిపోయాను.

కంకర ఆగిన చోట నేనూ ఆగాను. నీళ్ళు ఆగలేదు. మేం సైకిలు దింపిన పల్లంలోకి దూరాయి, మా చక్రాల గాడి నింపాయి, తాతయ్య చెప్పుల అచ్చులు నింపాయి. చూస్తుండగానే అవతలి గట్టు అవతలి గట్టయిపోయింది. నాకు అప్పుడు అర్థమయింది.

ఇంటికొచ్చి చెప్తే ముందు ఎవరికీ బోధపడలేదు. బోధపడ్డాక నాయనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది, నవ్వొచ్చో బాధేసో ఇప్పటికీ తెలీదు. ఎకరాలెకరాలు ఆ నీళ్ళతో పండించే ఇంట్లో, అందరూ కలిసి కాలవలో నీళ్ళుంటాయన్న సంగతి మర్చిపోయారు. ఊరంతా నీళ్ళొచ్చాయని సంబరపడుతుంటే నేను ధాన్యం గది మూల కూచుని ఏడ్చాను. వంతెనా? అది బస్సు రోడ్డు మీదే ఉంది.

తాతయ్య అరుగు మీద తలొంచుకుని కూచున్నారు. చివరికి అన్నారు. "దారుంటే పంపుతానన్నాను. దారి లేదు. ఏం చెయ్యమంటావమ్మా."

అప్పుడు వదిన మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టి, వెళ్ళకుండా నించుంది. ఆవిడ తాతయ్య ముందు నించుని మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ రోజు మీరూ దిగేరు కదండీ తాతయ్యా."

తాతయ్య తలెత్తారు.

"మీరు చూసి సరేనన్నాకే బళ్ళో వేసేరండి. తప్పు దీనొక్కదానిదీ కాదండి." గ్లాసు ఆయన వైపు ఇంకాస్త జరిపింది. "నాకూ దారి లేదనే చెప్పేరండి అప్పుడు. నేను ఊరుకున్నాను. అడగొచ్చని నాకు తెలీదండి. ఇది అడిగింది."

అని లోపలికి వెళ్ళిపోయింది. తాతయ్య ఆ మజ్జిగ తాగలేదు. గొడుగు కూడా తీసుకోకుండా కాలవ వైపు వెళ్ళారు. చీకటి పడే వేళకి తిరిగొచ్చి నాన్నతో, "ఏటి లంకలో మనవాళ్ళ దగ్గర సంగడి ఉంది. రేపు తెప్పించు" అన్నారు. వదిన వైపు చూడలేదు. కానీ ఆ పూట అన్నం వదిన చేతే వడ్డించుకున్నారు.

సంగడంటే పక్కపక్కన కట్టిన రెండు తాటిదోనెలు. మీద బల్ల వేస్తే సైకిలూ పడుతుంది, మనుషులూ పడతారు. మొదటి వారం మా పాలేరు దాటించాడు. నాట్లు మొదలయ్యేసరికి ఆయనకి ఊపిరి సలపలేదు. "నేను దాటిస్తానండి" అంది వదిన. గెడ వెయ్యడం, అంటే పొడుగాటి వెదురుతో సంగడి తోయడం, రెండు రోజుల్లో నేర్చేసుకుంది. పొద్దున్న నాతోపాటు గట్టు చివరిదాకా వచ్చి, నన్ను దాటించి, నడిచి ఇంటికెళ్ళేది. సాయంత్రం నేను వచ్చే వేళకి సంగడి మీద కూచుని ఉండేది.

రెండో రోజు సాయంత్రమే అనుకుంటాను, కాలవ మధ్యలోకి రాగానే గెడ అడుసులో గుచ్చి సంగడి ఆపేసింది.

"ఏం చెప్పేరే ఇవాళ?"

"ఇంటికెళ్ళాక చెప్తాలే వదినా, ఆకలేస్తోంది."

"ఇంటికెళ్తే నాకు కుదరదు. ఇప్పుడు చెప్పు. తరవాతే గట్టు."

అలా మొదలయింది. ఆ ఏడాదంతా ఎనిమిదో తరగతి రెండుసార్లు జరిగింది, ఒకటి పట్నంలో, ఒకటి కాలవ మధ్యలో. ఆకు ఎలా ఊపిరి పీలుస్తుందో చెప్తే గట్టు మీది ఆకు కోసుకొచ్చి వెనక్కి తిప్పి చూసేది. భిన్నాలు నాకు రాకపోతే తను నా పుస్తకం తీసుకుని చేసి చూపించేది. పక్క నుంచి కొబ్బరికాయల పడవ వెళ్తూ, "దారియ్యండమ్మా, ఇదేం బడండీ బాబూ" అని సరంగు అరిచేవాడు. వదిన గెడ పీకి, సంగడి పక్కకి జరిపి, మళ్ళీ గుచ్చేది. చెప్పింది చాలక నేను మేష్టారిని అడిగి రావలసిన ప్రశ్నలు కూడా పంపేది. నేను బళ్ళో తెలివైనదాన్నని పేరు తెచ్చుకున్నాను. ఆ ప్రశ్నలు నావి కావని ఎవరికీ చెప్పలేదు.

పరీక్షలకి ముందు చివరి పాఠం వలస పక్షుల గురించి. ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చి, గుడ్లు పెట్టి, తిరిగి వెళ్ళి, మళ్ళీ ఏడాదికి అదే చెరువుకి వస్తాయని మేష్టారు చెప్పారు. "అదే చెరువని ఎలా తెలుస్తుందే వాటికి?" అంది వదిన. ఆ రోజు ఎండ మండిపోతోంది. "అది పెద్ద కథ వదినా, సెలవులయ్యాక చెప్తాను" అన్నాను. అప్పుడు వదిన గెడ పీకింది.

ఆ వేసవిలో కాలవ కట్టేసినప్పుడు, తెగిన చోట చెక్క వంతెన వేశారు. తాతయ్య ఎవరెవరినో కలిసి సాధించిన వంతెన అది. ఊరంతా మెచ్చుకుంది. బడి తెరిచిన రోజు నేను గంట కొట్టుకుంటూ దాని మీద నుంచి వెళ్ళాను. వదిన గట్టు చివరిదాకా వచ్చి చూస్తోంది.

"ఇంక నీకు పని తప్పింది వదినా" అన్నాను. సంతోషంగానే అన్నాను.

"ఆయ్, తప్పింది" అని నవ్వింది.

ఆ రోజు నుంచి నేను అరగంట ముందే ఇల్లు చేరేదాన్ని. ఆ అరగంట ఎవరిదో నాకు తట్టలేదు. తొమ్మిదో తరగతి పుస్తకాలు ఇంట్లో నా పెట్టెలోనే ఉండేవి. వదిన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ మాఘంలో ఆవిడకి రాయవరం వైపు పెళ్ళి చేశారు. పెద్ద వ్యవసాయం, ఇంటినిండా జనం. నేను పై చదువులకి వెళ్ళాను, టీచరునయ్యాను, ముప్ఫై ఏళ్ళు వందల మంది పిల్లలకి పాఠాలు చెప్పాను. మొదటి విద్యార్థిని సగంలో వదిలేశానన్నది మాత్రం గుర్తు రాలేదు. గుర్తొచ్చాక సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

గుర్తు చేసింది వదినే. నేను రిటైరైన ఏడాది, మా వాళ్ళింట్లో ఒక పెళ్ళి. వంటవాళ్ళున్నా వదిన ఊరుకోదు, పులుసు గంగాళం దగ్గర నించుని గరిట తిప్పుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నేను పక్కనే పీట వేసుకుని కూచున్నాను. ఉన్నట్టుండి అడిగింది.

"అవునే, ఆ పిట్టలకి అదే చెరువని ఎలా తెలుస్తుంది? సెలవులయ్యాక చెప్తానన్నావు."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నా పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను. నాకు తెలిసింది చెప్పాను. సూర్యుణ్ణి బట్టి అంటారు, చుక్కల్ని బట్టి అంటారు, భూమిలో ఏదో ఆకర్షణ ఉంటుందంటారు, ఇంత చదివినవాళ్ళకీ ఇంకా పూర్తిగా తెలీదట.

"తెలీదటా?" అంది వదిన. మొహం వెలిగింది. "అయితే నేనొక్కదాన్నే కాదన్నమాట."

బయట నుంచి ఎవరో పులుసు తెమ్మని కేకేశారు. వదిన గరిట మూత మీద పెట్టి, పొయ్యిలో మంట తగ్గించి, నా పక్కన ఇంకో పీట లాక్కుని కూచుంది.

"వాళ్ళెవరో వడ్డించుకుంటార్లే. తొమ్మిదిలో మొదటి పాఠం ఏవిటి? చెప్పు."